నాచు కోసం చేపను కొనొద్దు

మొన్న ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వాళ్ళింట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఎనిమిది నెలలైంది. మూడడుగుల ట్యాంకు, రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక డామ్సెల్.

"మామయ్యా, అద్దాలకీ రాళ్ళకీ నాచు పట్టేసింది. ఎంత గీకినా వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేస్తంది. షాపాయన రాబిట్ ఫిష్ ఒకటి వేసెయ్యమన్నాడు. నాచంతా అదే తినేస్తాదట. వేసెయ్యమంటావేటి?"

ఆ 'వేసెయ్యడం' దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. చారులో ఇంగువ వేస్తాం. చేలో యూరియా వేస్తాం. వరద తీశాక బావిలో బ్లీచింగ్ వేస్తాం. ఆకలీ భయమూ ఉన్న ప్రాణిని కూడా అదే లెక్కలో వేసేస్తున్నాం. వద్దురా అన్నాను. ఎందుకు వద్దో పావుగంట చెప్పాను గానీ, ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. వాడి కోసం, వాడిలాగే చేతిలో బ్లేడు పట్టుకుని అద్దం ముందు కూర్చున్న వాళ్ళందరి కోసం.

ఏడేళ్ళ క్రితం నేనూ వేశాను. విజయనగరం కంటోన్మెంట్‌లో మా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు ఉండేది. లెక్క వేస్తే సుమారు 250 లీటర్లు. అప్పుడు నాదీ ఇదే బాధ. రాళ్ళ మీద జుట్టులా ఆకుపచ్చ నాచు. ఒక పెద్ద ఊళ్ళో షాపాయన ఫాక్స్ ఫేస్ చూపించాడు. రాబిట్ ఫిష్‌లలో అందరూ ఇష్టపడే రకం అది, శాస్త్రీయ నామం సైగానస్ వల్పైనస్. పేరులో కుందేలు, మొహంలో నక్క. ఒళ్ళంతా పసుపు ముద్దలా ఉంటుంది. తెల్లటి మొహం మీద ముక్కు నుంచి వెన్ను దాకా నల్లటి పట్టా. "దీనికి తిండి పెట్టక్కర్లేదు సార్, మీ ట్యాంకులో ఉన్నదే దీని తిండి" అన్నాడాయన. నమ్మాను.

మొదటి రెండు వారాలూ పండగే. ఆ చేప తినే తీరు చూడాల్సిందే. చిన్న నోరు, మూతి కొంచెం ముందుకు సాగి ఉంటుంది. మేకపిల్ల కంచె మీది చిగురు కొరికినట్టు ఒక్కో నాచు పోగునీ పట్టుకుని తల విదిలించి తెంపుతుంది. మళ్ళీ అరంగుళం జరుగుతుంది, మళ్ళీ తెంపుతుంది. పొద్దున్న లైటు వేసినప్పటి నుంచి రాత్రి ఆర్పేదాకా అదే పని. పదిహేను రోజులకి రాళ్ళు కడిగినట్టు అయ్యాయి. చుట్టాలకి ఫొటోలు పంపాను.

నాలుగో వారం ఒకరోజు అద్దం దగ్గర వంగి దాన్ని ఎదురుగా చూశాను. పక్క నుంచి చూస్తే బాగానే ఉన్న చేప, ఎదురుగా చూస్తే కాగితంలా ఉంది. రొమ్ము రెక్కల వెనక కడుపు లోపలికి గుంట పడింది. తల మీద, కళ్ళ వెనక కండ కరిగి వెన్ను అంచు కత్తిలా తేలింది. నా శుభ్రమైన రాళ్ళ మధ్య ఆ చేప ఇంకా వెతుకుతూనే ఉంది. ఏమీ లేని రాయిని కొరికి, వదిలి, ఇంకో రాయి దగ్గరికి వెళ్ళి కొరుకుతోంది. నేను నెల రోజులుగా ఒక ప్రాణిని పస్తు పెట్టి దాన్ని శుభ్రత అనుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఈ చేపల ఆకలి ఎంతటిదో తెలియాలంటే మధ్యధరా సముద్రం సంగతి చెప్పాలి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రం చేపలు ఆ దారిన మెల్లగా అటు చేరాయి. అందులో రెండు రాబిట్ ఫిష్ రకాలు. సైగానస్ రివులేటస్ అక్కడ 1920లలో మొదటిసారి కనిపించింది, సైగానస్ లూరిడస్ 1950లలో. తరవాత అవి మందలు మందలుగా పెరిగాయి. టర్కీ దక్షిణ తీరంలో ఒకప్పుడు సముద్రపు నాచు అడవిలా ఉండే రాతినేలలు చాలా చోట్ల బోడిగుళ్ళయ్యాయి. సముద్రపు నేలనే అలా మేసేసే జాతిని తెచ్చి, నాలుగడుగుల పెట్టెలో పెట్టి, అద్దం మీది పచ్చదనంతో కడుపు నింపుకోమనడం ఏం న్యాయం?

పైగా మన దగ్గరికి వచ్చేసరికే అది నీరసించి వస్తుంది. ఫాక్స్ ఫేస్ పడమటి పసిఫిక్ చేప. ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాల్లో పట్టి పంపుతారు. సంచిలో నీళ్ళు పాడవకుండా ఉండాలని ప్యాకింగుకి ముందు కొన్ని రోజులు తిండి ఆపేస్తారు. విమానాలు, గోదాములు, షాపులు దాటి మన ఇల్లు చేరేసరికి ఎన్ని పూటలు పస్తుందో. అలాంటి దానికి మొదటి రోజు నుంచే విస్తరి నిండా వడ్డించాలి.

అప్పటి నుంచి వడ్డించడం మొదలుపెట్టాను. ఉప్పూ కారం, మసాలా ఏవీ కలపని నోరి అట్టలు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, తెప్పించి, క్లిప్పుకి పెట్టి అద్దానికి తగిలించేవాణ్ణి. పొద్దున్న ఒక ముక్క, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. అవి అయిపోయిన రోజున పాలకూర వేణ్ణీళ్ళలో ముంచి తీసి పెట్టేవాణ్ణి. తినేది గానీ, నేల మీది ఆకుకూర సముద్రపు నాచుకి సాటి రాదు, అది రోజూ పెట్టే తిండి కాదు. ఆదివారాలు చింతపల్లి సముద్రతీరానికి వెళ్ళి రాళ్ళ మీద పెరిగే లెట్యూస్ ఆకులాంటి పచ్చనాచు తెచ్చి, ఉప్పునీళ్ళలో బాగా జాడించి వేసేవాణ్ణి. దాన్ని చూస్తే మాత్రం మా చేప ట్యాంకు ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్క ఊపున వచ్చేది. రెండు నెలలకి కడుపు నిండింది, వెన్ను మీద కండ పట్టింది.

చేప కోలుకుంది. రాళ్ళ మీద నాచు తిరిగొచ్చింది.

ఇక్కడే నా అసలు వాదన ఉంది. వేసవిలో మన రైతులు గొర్రెల మందను చేలో పెట్టించుకుంటారు. దుబ్బులు మేపుదామని కాదు, పెంట కోసం. మంద పడుకున్న చేను ఏపుగా వస్తుందని కాపరికి డబ్బిచ్చి మరీ పెట్టించుకుంటారు. చేప విషయంలో మాత్రం ఆ లెక్క మరిచిపోతాం. ఈ చేప రోజంతా తింటుంది, రోజంతా విసర్జిస్తుంది. ఆ మలినం ముందు అమ్మోనియా అవుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. తిండిలోంచి వచ్చే ఫాస్ఫేట్ ఉండనే ఉంది. నైట్రేటూ ఫాస్ఫేటూ కలిస్తే నాచుకి యూరియా, డీఏపీ రెండూ కలిపి చల్లినట్టే. నాచు తింటుందని తెచ్చిన చేపే నాచుకి ఎరువు వేస్తుంది. తెచ్చిన చేపకి కడుపు నిండా పెడితే ట్యాంకులోకి వచ్చే ఎరువు పెరిగినట్టే. పెట్టకపోతే చేప చస్తుంది. మధ్యే మార్గం లేదు.

మరి నాచు ఎక్కడి నుంచి వచ్చింది? నా ట్యాంకులో దాని మూలం బోరునీళ్ళు. ఉప్పునీటి ట్యాంకులో రోజూ నీళ్ళు ఆవిరవుతాయి. నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. అందుకని తరుగుకి మంచినీళ్ళే పోయాలి. మే నెలలో నీళ్ళు చల్లబడాలని ఫ్యాను పెడితే నా ట్యాంకుకి రోజుకి నాలుగైదు లీటర్లు పట్టేవి. ఏడాది పాటు ఆ నాలుగైదు లీటర్లూ బోరు నుంచే పోశాను. అంటే బోరునీటిలో కరిగి ఉన్న నైట్రేటు లాంటి లవణాలన్నీ ట్యాంకులో మిగిలిపోతూ, రోజుకింత పోగుపడుతూ వచ్చాయి. దానికి తోడు తూర్పు కిటికీ ఎండ పొద్దున రెండు గంటలు నేరుగా అద్దం మీద పడేది. చేపలు చేతికేసి చూస్తున్నాయని పొద్దుటా సాయంత్రం చిటికెడుకి బదులు గుప్పెడు గింజలు వేసేవాణ్ణి.

ఇవన్నీ మార్చడానికి పెద్ద ఖర్చు కాలేదు. ఆర్వో తరవాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగించి, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీళ్ళే పోయడం మొదలుపెట్టాను. కిటికీకి తెర కట్టాను. మిగతా చేపలకి గింజలు సగానికి సగం తగ్గించాను. వారానికి 25 లీటర్లు మార్చాను. నాలుగు నత్తలు వదిలాను. మొదటి నెల ఏ తేడా కనపడలేదు, విసుగొచ్చింది. రెండో నెల సగమయ్యాక జుట్టులాంటి నాచు రంగు మారి, చేత్తో లాగితే ఊడొచ్చేసింది. చేప ఉన్నా లేకపోయినా జరగాల్సిన పని అది. ముందే చేసి ఉంటే ఆ చేపని పస్తు పెట్టిన పాపం నాకు ఉండేది కాదు.

కొందరు అడుగుతారు, సముద్రం పక్కనే ఉంది కదా, ఉప్పు కొని కలపడం ఎందుకని. వానాకాలంలో నాగావళి, వంశధార, చంపావతి పొంగి కలిసే చోట మన తీరపు నీళ్ళు ఎర్రగా, పల్చగా ఉంటాయి. ఆ నీళ్ళలో ఉప్పదనం ఒక నెలకీ ఇంకో నెలకీ పొంతన ఉండదు. లీటరుకి 35 గ్రాముల లెక్కన ఇంట్లో కలుపుకున్నదే నమ్మకం.

ఇక ముళ్ళ సంగతి. రాబిట్ ఫిష్‌కి వెన్ను మీద 13 ముళ్ళు, కింద తోక వైపు 7, పొట్ట దగ్గరి రెండు రెక్కలకీ రెండేసి. మొత్తం 24. అన్నిట్లోనూ విషం ఉంటుంది. షాపులో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఒక రాత్రి లైటు ఆర్పాక పడిపోయిన రాయిని సరిచేద్దామని చెయ్యి పెట్టాను. అది రాయి వెనక నిద్రలో ఉంది. బెదిరి ముళ్ళు నిక్కబొడిచింది. ఉంగరం వేలికి సూది దిగినట్టు తగిలి, రెండు నిమిషాల్లో తేలు కుట్టినట్టు మంట మోచేతి దాకా పాకింది. మా ఆవిడ గిన్నెలో నీళ్ళు కాచి పెట్టింది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి, అంటే 45 డిగ్రీల లోపు. ముందు బాగున్న చేత్తో చూసుకుని, తరవాత కుట్టిన వేలు అందులో పెట్టాలి. ఈ విషం ప్రోటీన్ కాబట్టి వేడికి విరుగుతుంది. చల్లారినప్పుడల్లా మార్చుకుంటూ ముప్పావుగంట ఉంచితే నొప్పి దిగింది. తెల్లారి డాక్టరు దగ్గర ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఎవరికైనా ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా, ఒళ్ళు దద్దుర్లెక్కినా వేణ్ణీళ్ళతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తరవాతి ఆదివారం చింతపల్లిలో వల బాగుచేసుకుంటున్న ఒక తాతకి నా వేలు చూపించాను. మన బంగాళాఖాతంలోనూ ఈ కుటుంబం చేపలున్నాయి. సైగానస్ జావస్, సైగానస్ కెనాలిక్యులేటస్ వలల్లో పడుతుంటాయి. ఫోన్లో ఫొటో చూపించగానే ఆయన గుర్తుపట్టాడు. "ఈ పసుపు రంగుది మాకు పడదు గానీ, ఈ జాతే. ఇది సచ్చినా దీని ముల్లు సావదు బాబూ. వల్లోంచి తీసినప్పుడు మేమే సేతికి గుడ్డ సుట్టుకుంటాం. మీరు ఉత్త సెయ్యెట్టారేటి?" అన్నాడు. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా విషం ఎక్కుతుందన్న మాట నిజమే.

దాని మీద నాకు కోపం రాలేదు. నిద్రలో ఉన్న ప్రాణి ఇంట్లోకి చెయ్యి పెట్టింది నేను. ఆ రాత్రి టార్చి వేసి చూస్తే అది పసుపు రంగులోనే లేదు. ఒళ్ళంతా మట్టిరంగు మచ్చలు, గోడ పెళ్ళలు ఊడినట్టు. ఈ చేపలు నిద్రపోయేటప్పుడు, భయపడినప్పుడు అలా రంగు మార్చుకుంటాయి. కొత్తగా కొన్నవాళ్ళు ఆ మచ్చలు చూసి రోగమని టెన్షన్ పడి మందులు పోస్తారు. తెల్లారి లైటు వేసిన కాసేపటికి ఆ మచ్చలన్నీ పోయి మళ్ళీ పసుపు ముద్ద.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది మాత్రం ఇంకొకటి. గ్రేట్ బారియర్ రీఫ్ మీద జంటగా తిరిగే రాబిట్ ఫిష్‌లను గమనించిన శాస్త్రవేత్తలు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. పగడపు సందుల్లో తల దూర్చి మేసేటప్పుడు చేపకి చుట్టూ ఏం జరుగుతోందో కనపడదు. అందుకని జంటలో ఒకటి సందులో తల పెట్టి మేస్తుంటే, రెండోది కొంచెం పైన నీళ్ళలో తల ఎత్తి కాపలా కాస్తుంది. కాసేపయ్యాక వంతు మారుతుంది. ఇది మేస్తుంది, అది కాస్తుంది. ఆ పరిశోధన చూసిన జాతుల్లో మన ఫాక్స్ ఫేస్ కూడా ఉంది.

అది చదివాక మా చేప మేత తీరు మళ్ళీ గమనించాను. ఒక్క కొరుకు కొరికేది, వెంటనే వెనక్కి వచ్చి గది వైపు చూసేది. మళ్ళీ కొరుకు, మళ్ళీ వెనక్కి. తలుపు చప్పుడైతే నోట్లోది వదిలేసి రాయి వెనక్కి. నేనది దాని అలవాటనుకున్నాను. కాపలా కాసే తోడు లేదు కాబట్టి తిండీ కాపలా రెండూ అదే చేసుకుంటోందని అప్పుడు తోచింది. నిజంగా అదే కారణమని నిరూపించలేను. కానీ అలా తోచాక ఇంతకుముందులా చూడలేకపోయాను. ఇంకో చేప తెచ్చి తోడు కలుపుదామంటే, ఇరుకు ట్యాంకులో పరిచయం లేని రెండు ఫాక్స్ ఫేస్‌లు ఒకదాన్నొకటి పొడుచుకునే ప్రమాదముంది. జంటగా ఉంచాలంటే చోటు కావాలి.

చోటంటే అందంగా ఈదడానికి మాత్రమే అనుకోవద్దు. ఫాక్స్ ఫేస్ జానెడు దాటి పెరుగుతుంది. జావస్ లాంటివి అర మీటరు. అంత చేపకి ఊపిరికి ఎంత ప్రాణవాయువు కావాలో కరెంటు పోయిన రోజున తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు ఉన్నది మొదటి ట్యాంకు, అన్నీ చిన్న చేపలే. రెండో రాత్రికి ఇన్వర్టరు బ్యాటరీ అయిపోయింది. కొవ్వొత్తి వెలుగులో నేనూ మా నాన్నా వంతులు వేసుకుని మగ్గుతో నీళ్ళు ఎత్తి పైనుంచి పోస్తూ కూర్చున్నాం, ఆ ధారతో కాస్త గాలి కలుస్తుందని. నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. మా వీధికి కరెంటు ఆరో రోజున వచ్చింది. 2018లో తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసినప్పుడు అక్కడి పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో అందరికీ తెలుసు. అక్టోబరు వస్తే ఆకాశం వైపు చూసే జిల్లాలు మనవి. మూడడుగుల ట్యాంకులో పెద్ద చేపని పెడితే, పంపు ఆగిన క్షణం నుంచి దానికి మిగిలేది చాలా తక్కువ సమయం.

రాబిట్ ఫిష్ మంచి చేప కాదని నేను అనడం లేదు. నాకు తెలిసిన ఉప్పునీటి చేపల్లో దానంత నెమ్మదైనది తక్కువ. వేరే జాతుల జోలికి పోదు, పెట్టింది తింటుంది, టాంగ్ చేపలంత తొందరగా తెల్లమచ్చల రోగం తెచ్చుకోదు. ఆరడుగుల ట్యాంకు, బ్యాటరీతో నడిచే గాలి పంపు, రోజుకి మూడుసార్లు నాచు తగిలించే ఓపిక ఉన్నవాళ్ళు దాన్ని దాని కోసమే తెచ్చుకుంటే నేనే దగ్గరుండి ఎంచిపెడతాను. ఎదురుగా నిలబడి కడుపు చూసి, షాపులో మన కళ్ళముందు తినిపించి చూసి మరీ కొనిపెడతాను. పగడాలకి ముప్పేమో అని కొందరు అడుగుతారు. కడుపు నిండిన చేప సాధారణంగా ముట్టదు, ఆకలేస్తే మెత్తటి పగడాన్ని కొరుకుతుంది. గట్టి పగడాలైతే మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సముద్రం నుంచి తేవడం మాట తలపెట్టొద్దు.

మా చేపని రెండున్నరేళ్ళు ఉంచుకుని విశాఖలో ఒక మిత్రుడికి ఇచ్చేశాను. ఆయనది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, దగ్గరదగ్గర 680 లీటర్లు. వలతో పడితే ముళ్ళు చిక్కుకుంటాయని ప్లాస్టిక్ డబ్బాతోనే తీసి, మూతున్న బకెట్లో పెట్టి, గాలి పంపు తగిలించి కారులో తీసుకెళ్ళాను. తగరపువలసలో ఆపి మూత తీసి చూస్తే మట్టిరంగు మచ్చలతో అడుగున ఓ మూలకి నక్కి ఉంది. కొత్త ట్యాంకులోనూ ఆ పూటంతా అలాగే ఉంది. రాత్రి ఎనిమిదికి మిత్రుడు ఫోన్ చేసి, పసుపు రంగు తిరిగొచ్చింది, నోరి ముక్క లాక్కుంది అని చెప్పాక అన్నం తిన్నాను.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, ముందు టీడీఎస్ మీటరు కొని రోజూ తరుగుకి పోసే నీళ్ళలో ముంచి చూడమన్నాను. "అక్కర్లేదు మామయ్యా, నేను బోరునీళ్ళు వాడను. ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల డబ్బా, ప్యూర్ వాటర్" అన్నాడు. అయినా చూడమన్నాను. నిన్న రాత్రి ఫొటో పంపాడు. గాజుగ్లాసులో మీటరు, దాని మీద 118. కింద ఒకే ముక్క రాశాడు: "ఇవి డబ్బా నీళ్ళే మామయ్యా."